సైకిలు పెడలు చేయు చప్పుడు

సైకిలు త్రొక్కునప్పుడు కాలిక్రింద టక్కుమని చప్పుడు వినబడిన తోడనే మనము పెడలును నిందింతుము. మామూలు పెడలు విషయమున ఆ నింద పొరపాటైనను నష్టము లేదు; నాలుగు చుక్కల నూనె వ్యర్థమగును, అంతియే. కాని బూటును పెడలుతో బంధించు రకపు పెడళ్లు వాడువారికి ఈ చప్పుడు వేఱు సంగతి. వారు వినెడి చప్పుళ్లలో పెక్కు చెవికి విసుగు కలిగించుటకంటె ఎక్కువ చేయలేవు. ఒకటి రెండు మాత్రము, కాలు విడివడవలసిన క్షణమున విడివడదనియో, విడివడరాని క్షణమున విడివడుననియో ముందుగా తెలుపునవి. నాలుగువీథుల కూడలిలో ఎఱ్ఱదీపముకడ ఆగినప్పుడు కాలు ఊడిరాని మనిషి సైకిలుతోకూడ ప్రక్కనున్న బండిమీదికి ఒరిగిపోవును. కావున ఏ చప్పుడు దేనిదో పోల్చుకొనుట అక్కఱకు వచ్చెడి విద్య.

ఈ పెడళ్ల నెఱుగనివారికి కొంచెము చెప్పవలసియున్నది. పూర్వము పందెములలో త్రొక్కువారు పాదము జారకుండుటకై పెడలునకు ఒక లోహపు పంజరమును తగిలించి, దానిని తోలుపట్టీతో బిగించుకొనెడివారు. ఆ పంజరమునకు టో క్లిప్పని పేరు. ఆ క్లిప్పు అక్కఱలేకయే పాదమును పట్టియుంచు పెడలు వచ్చినప్పుడు దానిని క్లిప్‌లెస్ పెడలనిరి. కాలిని గట్టిగా పట్టుకొను వస్తువునకు ‘క్లిప్పు లేనిది’ యను పేరుండుట క్రొత్తవారికి వింతగా తోచుటకు కారణ మిదియే. ఫ్రాన్సుదేశమునందలి లుక్ అను సంస్థ మంచుమీద జారువారి బూట్లను పలకలకు బిగించు సాధనములను చేయుచుండెను. మనిషి పడినప్పుడు కాలు విఱుగకుండ తామే విడిపోవుట ఆ సాధనముల గుణము. ఆ సూత్రమునే పెడలునకు అన్వయించి వారు 1984 లో క్రొత్త పెడలును వెలువరించిరి. మఱుసటి యేడు బెర్నార్ ఇనో ఆ పెడళ్లతో టూర్ ద ఫ్రాన్స్ పందెమును గెలిచెను. తోలుపట్టీల కాలము అంతటితో తఱిగిపోసాగెను. జపానుదేశపు షిమానో సంస్థవారు 1990 లో కొండదారుల సైకిళ్లకొఱకు ఎస్.పి.డి. యను మఱియొక పద్ధతిని తెచ్చిరి. అందు బూటు అడుగున బిగించు ముక్క చిన్నది, ఉక్కుతో చేయబడినది, అడుగుభాగపు పల్లములో అణగియుండునది; కావున ఆ బూట్లతో నడువవచ్చును. పందెపు సైకిళ్లకు వాడు ఎస్.పి.డి.-ఎస్.ఎల్. పద్ధతిలో ఆ ముక్క పెద్దది, ప్లాస్టిక్కుది, అడుగునుండి బయటికి పొడుచుకొనివచ్చునది. ఆ బూట్లతో నునుపురాతి గచ్చుమీద నడుచువానిని చూచినవారికి బాతు జ్ఞాపకమునకు వచ్చును.

బూటు అడుగున గుఱ్ఱపు లాడమువలె బిగించు ఈ ముక్కనే క్లీటందురు. క్లీటు ముందుకొన, అనగా ముక్కు, పెడలులోని కొక్కెముక్రింద దూఱును. పాదమును క్రిందికి నొక్కగా వెనుకనున్న స్ప్రింగుదవడ తెఱచుకొని, క్లీటు తోకను లోపలికి తీసికొని, మఱల మూసికొనును. విడిపించుటకు మడమను వెలుపలికి త్రిప్పవలెను. అప్పుడు క్లీటు అంచు దవడను త్రోసికొని బయటపడును. చెప్పబోవు దోషములన్నియు ఈ ముక్కు, ఈ తోక, ఈ దవడ, వీనిని మోయు ఇరుసు, వీనిని పట్టియుంచు బోల్టులు – వీనిలోనివే.

అయితే వీనిని విప్పుటకు ముందు చప్పుడు నిజముగా ఇచ్చటిదేనా యని తేల్చుకొనవలెను. సైకిలు చట్రము బోలు గొట్టములతో కూర్చబడినది. ఒకచోట పుట్టిన చప్పుడు గొట్టములవెంట ప్రాకి వేఱొకచోట వినబడును. మనము బలమును ఉపయోగించుచోటు పెడలు గనుక చెవి దానినే అనుమానించును. నేను ఒకప్పుడు ఇట్టి యనుమానముతో రెండు వారములు శ్రమపడితిని. పెడళ్లను విప్పి కడిగి గ్రీజు పెట్టితిని, చప్పుడు పోలేదు. క్రొత్త క్లీట్లు కొంటిని, పోలేదు. తుదకు ఒక ఎత్తుమీద సీటునుండి లేచి త్రొక్కగా చప్పుడు ఆగిపోయెను. సీటు గొట్టమును పైకి లాగి చూడగా అందు దుమ్ము పేరుకొని ఎండియుండెను. గుడ్డతో తుడిచి వ్రేలెడు గ్రీజు పూయగా పది నిమిషములలో రోగము కుదిరెను. కొన్న క్లీట్లు ఇంకను పెట్టెలో నున్నవి.

కావున మొదటి పరీక్ష అదియే: సీటునుండి లేచి త్రొక్కి చూడవలెను. చప్పుడు ఆగినచో సీటునో, దాని గొట్టమునో చూడవలెను. తరువాత త్రొక్కుట మాని సైకిలును తనంత తాను పోనీయవలెను. అప్పుడును చప్పుడు వచ్చుచున్నయెడల అది చక్రములది. పెడలునకు సంబంధము లేదు. ఆ పిమ్మట ఖాళీ రోడ్డుమీద ఒక కాలితోనే త్రొక్కి, రెండవ కాలిని తీసి ప్రక్కకు పట్టుకొనవలెను. ఏవైపు దోషమో తేలును. మామూలు చెప్పులతో కొంతదూరము త్రొక్కి చూచుట మఱియొక పరీక్ష. చెప్పులతో చప్పుడు లేక బూట్లతో మాత్రమే యున్నచో దోషము క్లీటుదగ్గఱనే. ఇట్టి పరీక్షలలో ఒక్కొక్కసారి ఒక్క మార్పే చేయవలెను. క్లీట్లను మార్చి, అదేరోజున పెడలునకు గ్రీజు పెట్టి, చైనునకు నూనెవేసినవానికి చప్పుడు పోవచ్చును గాని ఎందువలన పోయినదో ఎన్నటికిని తెలియదు. తిరిగి వచ్చినప్పుడు మొదటికి రావలసినదే.

లెక్కించుటయు మంచి సాధనము. క్రాంకు ఒకసారి తిరిగినప్పుడు ఒకే తావున ఒకసారి వచ్చు చప్పుడు పెడలుది గాని, క్రాంకుది గాని కావచ్చును. రెండున్నర చుట్లకు ఒకసారి వచ్చుచున్నదనుకొందము. ముందు చక్రమునకు 44 పండ్లును, చైనునకు 110 లంకెలును ఉన్నచో చైను ఒక పూర్తి ప్రదక్షిణము చేయుటకు క్రాంకు సరిగా రెండున్నర సార్లు తిరుగవలెను. కావున అది చైనులో బిగుసుకొనియున్న ఒక లంకె చేయు చప్పుడు. గణితమునందు ఆసక్తిలేని బాలురు సైతము ఈ లెక్కను సంతోషముగా చేయుదురు.

దోషము క్లీటుదగ్గఱనే యని తేలినదనుకొందము. ప్లాస్టిక్కు క్లీట్లు వాడువారు తఱచుగా వినునది ఒత్తినప్పుడెల్ల వచ్చు కీచుమను ధ్వని. పొడిగానున్న ప్లాస్టిక్కు పెడలుమీది లోహమును ఒరయుటచే అది పుట్టును. సీసాలోని నీళ్లు నాలుగు చుక్కలు క్లీటుకును పెడలునకును నడుమ పడునట్లు పోసి త్రొక్కి చూచినచో, చప్పుడు కొంతసేపు ఆగును. అట్లు ఆగినయెడల దానివలన అపాయము లేదు. రెంటిని తుడిచి, ఒరసికొనుచోట సిలికాను వంటి పొడి కందెనను పలుచగా పూసిన చాలును. మందమైన నూనె పోయరాదు. దుమ్మును పిలిచి కూర్చుండబెట్టును. ఉక్కు క్లీట్లకు మాత్రము చైనుకు వేయు నూనె ఒక చుక్క దవడ స్ప్రింగునకు వేయవచ్చును. కీచుమనక కిరకిరమను చప్పుడు వచ్చినచో క్లీటునకును బూటునకును నడుమ ఇసుక చేరియుండును. క్లీటును విప్పి తుడువవలెను. నల్లరేగడి భూములలో వానకాలమున చప్పుడుకంటె పెద్ద చిక్కు గలదు. ఆ మట్టి బూటు అడుగునందలి పల్లములో కూరుకొని ఎండి రాయియగును, క్లీటు పెడలులో దిగనే దిగదు. జేబులో ఒక పుల్ల నుంచుకొనుటకంటె దీనికి మంచి యుపాయము నాకు కనబడలేదు.

కిరకిర చప్పుడునకు మఱియొక కారణము గలదు. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే ముఖ్య ప్రేరణము. ఎస్.పి.డి. క్లీటును బూటునకు బిగించు బోల్టులు రెండు. అవి సడలినప్పుడు క్లీటు బూటుమీద కొంచెము కొంచెముగా కదలుచు చప్పుడు చేయును. నా మిత్రుడొకడు అట్టి చప్పుడును మూడు దినములు విని, ఆదివారము చూచుకొందమని యూరకుండెను. ఈలోగా ఒక బోల్టు ఎచ్చటనో రాలిపోయెను. మూసియున్న రైలుగేటుకడ ఆగి, అలవాటుచొప్పున మడమను వెలుపలికి త్రిప్పెను. బూటు తిరిగినది గాని క్లీటు తిరుగలేదు! మిగిలిన ఒక్క బోల్టు ఇరుసుగా బూటు దానిచుట్టు తిరుగుచుండెను. క్లీటు మాత్రము దవడలో స్థిరముగా నుండెను. ఎంత త్రిప్పినను కాలు ఊడిరాలేదు. అతడు ప్రక్కకు పడి మణికట్టు బెణికించుకొనెను. రెండవవైపు లారీ లేకుండుట అతని యదృష్టము.

అట్టి స్థితి కదలుచున్న సైకిలుమీద తెలిసినచో బలముగా త్రిప్పుచు పెనుగులాడరాదు. రెండవ కాలిని విడిపించుకొని, ఆ వైపునకే ఒరిగి, కాలు నేల మోపి ఆగి, చిక్కుకొనిన బూటు పట్టీని విప్పి పాదమును బూటునుండియే బయటికి తీయవలెను. బూటు పెడలుమీద వ్రేలాడుచుండును. దానిని తరువాత తీరికగా తీసికొనవచ్చును.

కావున చప్పుడు విన్నను వినకున్నను నెలకొకసారి ఈ బోల్టులను చూడవలెను. 4 మి.మీ. ఎలన్‌కీ చాలును. షిమానోవారు చెప్పిన బిగువు 5 మొదలు 6 న్యూటను మీటర్లు. బిగువు కొలుచు పానా లేనివారికి దీని యర్థమేమనగా, కీని పట్టుకొనుచోటు బోల్టునకు 10 సెంటీమీటర్ల దూరమున నున్నయెడల అచ్చట ఇంచుమించు 5 కిలోల బరువు వ్రేలాడినంత బలము. బోల్టు మరలకు కొంచెము గ్రీజు పూయనిచో చెమటకును వానకును త్రుప్పు పట్టి, మార్చవలసినప్పుడు తల అరిగిపోవును గాని బోల్టు కదలదు.

ఇక అరుగుదల సంగతి. దీనిలో మొదట ఒక భ్రమను తొలగింపవలెను. క్లీటు పెడలులో నున్నప్పుడు మడమ అటునిటు కొంచెము తిరుగుట దోషము కాదు; మోకాలికి శ్రమ కలుగకుండ ఆ స్వేచ్ఛను కావలెననియే ఉంచిరి. ఎస్.పి.డి.-ఎస్.ఎల్. క్లీట్లలో పసుపుపచ్చని గుఱుతులు గలవానికి 6 డిగ్రీలును, నీలపువానికి 2 డిగ్రీలును ఈ స్వేచ్ఛ గలదు; ఎఱ్ఱనివానికి లేనే లేదు. దోషమనగా వేఱు. బూటును కాలికి తొడుగక, చేతితో పెడలులో దిగవేసి, పడవవలె ప్రక్కలకు ఊపి చూడవలెను. పైకిని క్రిందికిని లాగి చూడవలెను. ఆ దిక్కులలో టకటకమని కొట్టుకొనినయెడల అది అరుగుదల. ఆ కొట్టుకొనుటయే త్రొక్కునప్పుడు టక్కుమని వినబడును.

ప్లాస్టిక్కు క్లీట్లలో పైన చెప్పిన రంగుముక్కలు ఊరక అందమునకు పెట్టినవి కావు. రంగు పూర్తిగా అరిగి, క్రిందిభాగము బయటపడినచో క్లీటును మార్చవలసిన కాలము వచ్చినదని గుఱుతు. ముక్కు పలుచబడినదా యనికూడ చూడవలెను. ఈ క్లీట్లను అరుగదీయునది త్రొక్కుటకంటె నడచుటయే. ఆగినప్పుడెల్ల ఒకే కాలిని నేల మోపువారికి ఆ కాలి క్లీటు ముందుగా పోవును. ఒక్క క్లీటు నున్నగానుండి రెండవది క్రొత్తదివలె నున్నచో ఆశ్చర్యపడనక్కఱలేదు. ఉక్కు క్లీటు నెమ్మదిగా అరుగును. దానిపై రంగుగుఱుతు లేదు. ముక్కును తోకను వ్రేలితో తడవి చూచిన అంచులు గుండ్రబడినవో, కత్తివలె పలుచబడినవో తెలియును. కాని మంచి సాక్ష్యము కాలే చెప్పును: విడిపించుటకు పూర్వమంత బలము అక్కఱలేకపోవుట, ఎత్తుమీద పెడలును పైకి లాగినప్పుడు బూటు తానై ఊడివచ్చుట. నిలువబడి బలముకొద్ది త్రొక్కుచుండగా ఇట్లూడిన కాలు శూన్యమున పడి, మనిషి చట్రముమీద పడును. ఎస్.హెచ్. 56 అను క్లీట్లు పలుదిక్కులకు విడివడునట్లు చేయబడినవని యిచ్చట జ్ఞాపకముంచుకొనవలెను. అవి పైకి గుంజిన ఊడివచ్చుట వాని స్వభావము. అట్టివాని నెఱుగక వాడుచు అరుగుదలయని తలచువారు గలరు.

ఈ స్థితిలో చాలమంది చేయు తప్పొకటి గలదు. పెడలు దవడదగ్గఱ చిన్న మర యుండును. దానిని బిగించినకొలది స్ప్రింగు గట్టిపడి కాలు తేలికగా ఊడదు. క్లీటు అరిగి ఊడిపోవుచున్నప్పుడు ఈ మరను బిగించినచో నాలుగు దినములు సుఖముగా నుండును. కాని అరిగిన అంచుమీద గట్టిపడిన స్ప్రింగు ఒకనాడు జారును, ఒకనాడు పట్టివేయును. ఏనాడు ఏది చేయునో తెలియదు. ఊరకయే ఊడిపోవు కాలికంటె నమ్మరాని కాలు చెడ్డది. ఆ మర మనిషి బలమునకు తగినట్లు సవరించుకొనుటకు గాని అరుగుదలను కప్పిపుచ్చుటకు కాదు.

క్లీటు క్రొత్తదైనను ఊగుట మానకున్నచో పెడలే అరిగినదని తెలియవలెను. దవడ పెదవినిగాని, బూటు అడుగు ఆనుచోటనుగాని లోహము లోతుగా మెఱయుచుండును. కొన్ని రకములలో ఆ పైరేకును మాత్రము మార్చవచ్చును. లేనియెడల పెడళ్లు క్రొత్తవి కొనవలసినదే. ఇరుసు సంగతి వేఱు. పెడలును చేతితో పట్టి క్రాంకువైపునకు త్రోసి లాగినప్పుడు కదలినచో బేరింగు వదులైనది. మెల్లగా త్రిప్పినప్పుడు ఇసుక నలిగినట్లు తోచినచో గ్రీజు చెడినది, లేక గుండ్లు పగిలినవి. పెడలును విసరి త్రిప్పగా పంకావలె చాలసేపు తిరిగిన సంతోషించువారున్నారు. మంచి గ్రీజుతో నిండిన పెడలు అట్లు తిరుగదు. మెత్తగా తిరిగి త్వరగా ఆగును. పంకావలె తిరుగునది తఱచుగా గ్రీజు ఎండినదే.

క్రాంకులో దిగిన మరలుకూడ చప్పుడు చేయును. ఎడమ పెడలు మరలు ఎదురుదిక్కువని గదా! దీనికి కారణము తెలియుటకు గుప్పిట నడుమ పెన్సిలును వదులుగా పట్టి, రెండవ చేతితో దాని కొనను వలయముగా త్రిప్పి చూడుడు. పెన్సిలు తాను ఎదురుదిక్కున మెల్లగా తిరుగును. క్రాంకు తిరుగుచుండగా కాలి బరువు ఇరుసును ఇట్లే చుట్టుచుట్టు నొక్కి, దానిని మెల్లగా ఒక దిక్కునకు త్రిప్పును. ఆ దిక్కు బిగించు దిక్కగునట్లు కుడివైపు మామూలు మరయు, ఎడమవైపు ఎదురుమరయు పెట్టిరి. విమానమును ఎగురవేయుటకు ముందు సైకిళ్లు చేసి అమ్మిన రైట్ సోదరులు 1900 లో ఊడిరాని పెడలని ప్రకటించినది ఈ యేర్పాటునే. అయినను మొదట చక్కగా బిగింపనిచో మరలు కదలుచు కిర్రుమనును. ఉక్కు ఇరుసు మెత్తని అల్యూమినియపు క్రాంకు మరలను కొఱికివేయును. ఒకనాడు బరువు మోయుచుండగా పెడలు ఊడివచ్చును. పెడలును తీసి, మరలను తుడిచి, గ్రీజుపూసి, 35 మొదలు 55 న్యూటను మీటర్ల వఱకు బిగింపవలెను. 20 సెంటీమీటర్ల పానా కొనను 20 కిలోల బలముతో నొక్కిన ఇంచుమించు సరిపోవును.

క్లీట్లను మార్చునప్పుడు రెంటిని ఒకసారే మార్చుట మేలు. పాతవానిని విప్పుటకు ముందు వాని చుట్టు పెన్నుతో గీత గీసికొనవలెను. క్రొత్తవి ఆ గీతలోనే కూర్చుండవలెను. రెండు మూడు డిగ్రీల తేడా కంటికి కనబడదు గాని కొన్ని దినములలో మోకాలికి తెలియును. క్రొత్త క్లీటు అంచులు పదునుగా నుండుటచే మొదట కాలు గట్టిగా ఊడివచ్చును. ఆశపడి వెంటనే రోడ్డెక్కరాదు. స్ప్రింగు మరను కొంచెము సడలించి, గోడను పట్టుకొని నిలిచి, ఒక్కొక్క కాలిని ఇరువదిసార్లు తగిలించి విడిపించుకొనవలెను. మొదటి సవారీ ముగిసిన పిమ్మట బోల్టులను మఱియొకసారి బిగింపవలెను; ఏలయనగా క్లీటు పండ్లు బూటు అడుగున దిగబడి, బోల్టులు అప్పటికే కొంచెము సడలియుండును.